కిలో తరుగు

పోయిన ఆదివారం తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో మూడు కిలోలు తూయించుకున్నాను. ముందురోజు వాన పడింది, పాయల పైపొరలు తడిగా ఉన్నాయి. అమ్మే ఆయన కాటా మీద అంకె చూసి, ఇంకో రెండు పాయలు పైన వేసి, "తడికి తరుగు తీసేశానండి" అన్నాడు. రోజూ వినే మాటే. అయినా నేను సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయల మార్కెట్‌లో కళ్లు తుడుచుకునే మనిషిని ఎవరూ పట్టించుకోరు, అదొక్కటే నయం.

నా స్నేహితురాలు పోయి ఎనిమిది నెలలైంది. పోయిందని ఫోనొచ్చిన రోజు ఏడ్చాను, పెద్ద కార్యానికి వెళ్లొచ్చాను, ఆ తరవాత నా పనుల్లో నేను పడ్డాను. మళ్లీ ఇన్నాళ్లకి ఆ ఒక్క మాటతో నా ఎదురుగా వచ్చి నిలబడింది.

దాని పేరు రాయను. ఇందులో చెప్పుకోవాల్సిన తప్పులన్నీ నావి, వాటి మధ్య దాని పేరెందుకు? "అది" అంటున్నానని ఎవరూ తప్పు పట్టుకోకండి. "ఏమే", "ఒసే" అని పిలుచుకున్నవాళ్లం. పోయింది కదా అని ఇప్పుడు "ఆవిడ" అంటే ముందు అదే నవ్వుతుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు అదంటే కుళ్లు. పుస్తకాల్లో అసూయ అంటారు, ఆ మాట కాస్త ఇస్త్రీ చేసినట్టుంటుంది. నాకున్నది అంత మర్యాదైనది కాదు.

మొదట్లో ఉండేది కాదు. ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మాదొకటే గది. మండవల్లి దాటాక, కొల్లేటి పక్కన, చేపల చెరువుల మధ్యనున్న ఊరు దానిది. బాగా లావుగా ఉండేది. రిక్షా ఎక్కేటప్పుడు నన్ను ముందు కూర్చోనిచ్చి, మిగిలిన జాగా చూసి, "నువ్వు దిగవే, నేను సర్దుకున్నాక ఎక్కుదువుగాని" అనేది. మెస్సులో నేను వదిలేసిన అన్నం తన కంచంలోకి లాక్కునేది. నేను సన్నగా ఉండేదాన్ని. దాని పక్కన నిలబడితే ఇంకా సన్నగా కనిపించేదాన్ని. మేమిద్దరం బజారుకి వెళ్తే చూసేవాళ్లు ముందు నన్నే చూసేవారు. మా స్నేహం అంత గట్టిగా నిలవడానికి అదొక కారణమని అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు.

లెక్కల్లో మాత్రం దానికి నేనే దిక్కు. ఏ లెక్క చేసినా జవాబు రెండో మూడో తక్కువొచ్చేది. "ఆ రెండూ ఏమయ్యాయే?" అంటే, "తరుగు పోయాయి" అనేది. చెరువు పట్టిన రోజున చేపలు నీళ్లోడుతూ కాటా ఎక్కుతాయట. ఆ నీటికి ఇంతని తీసేసి మిగిలిన బరువే లెక్కలోకి తీసుకుంటారట. పుట్టినప్పటి నుంచీ అది చూసి పెరిగింది కాబట్టి, లోకంలో ఏ అంకెకైనా తరుగు తియ్యాలని దాని నమ్మకం. నేనేమో తరవాత లెక్కల టీచర్నయ్యాను. అర మార్కు కూడా ఊరికే వెయ్యను.

ఇరవై ఏళ్లు గడిచాయి. పెళ్లిళ్లు, పిల్లలు. ఏడాదికి రెండు మూడు ఫోన్లు. ఒకరోజు సాయంత్రం మా వీధిలో ఒక సన్నటి ఆవిడ ఇంటి నంబర్లు చూసుకుంటూ వస్తోంది. గులాబిరంగు కాటన్ చీర, భుజానికి బ్యాగు, చీర మీద రూపాయి బిళ్లకంటే పెద్ద బ్యాడ్జీ. దాని మీద "సన్నబడ్డాను, ఎలాగో అడగండి" అని ఉంది. నేను గేటు దగ్గర నిలబడి అడక్కుండానే చూస్తున్నాను. దగ్గరికొచ్చి నవ్వింది. ఆ నవ్వు చూశాకగానీ గుర్తుపట్టలేదు.

కూతుర్ని మా గూడెంలోనే కాలేజీలో చేర్పించిందట, ఇల్లు అద్దెకి తీసుకుందట, మొగుడు చెరువుల దగ్గరే ఉన్నాడట. అదంతా నేను సగమే విన్నాను. దాని మెడ చూస్తున్నాను. దానికి మెడ ఉండటం నేను ఎప్పుడూ చూళ్లేదు. మావారు ఆఫీసు నుంచొచ్చి, పలకరించి, కాఫీ తాగి, అది వెళ్లాక, "మీ క్లాస్‌మేటేనా? నీకంటే పదేళ్లు చిన్నదనుకున్నాను" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేను ఆ రాత్రి ఉప్మా మాడబెట్టాను.

మర్నాడు మళ్లీ వచ్చి అసలు సంగతి చెప్పింది. పాలల్లో కలుపుకునే పొడి. పొద్దున్న టిఫిను బదులు ఒక గ్లాసు. దానికి పైన ఏలూరులో ఒక మేడమ్, ఆ మేడమ్‌కి పైన విజయవాడలో ఇంకో మేడమ్. దాని కింద ఇంకా ఎవరూ లేరు. "నువ్వే మొదటిదానివి. నా కింద చేరవే" అంది.

నా కింద! మాట మామూలుగానే వాడింది, ఆ వ్యాపారంలో అలాగే అంటారట. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. నా నోట్సు చూసి పాసైన మనిషి కింద నేను చేరాలి. అయినా చేరాను. ఎందుకు చేరానంటే, ఆ మెడ నాకూ కావాలి.

టైలరు షాపు పైన ఒక గది తీసుకుంది. పొద్దున్న ఆరింటికి తెరిచేది, ఎనిమిదింటికి మూసేది. చాపలు, మిక్సీ, గోడకి పెద్ద అద్దం, మూల బరువు చూసే మిషను. రెండు నెలలు తిరిగేసరికి పాతికమంది ఆడవాళ్లు వస్తున్నారు. పక్క ఊరి నుంచి కూడా ఒకావిడ ఆటోలో వచ్చేది. రిటైరైన హెడ్మిస్ట్రెస్ సీతామహాలక్ష్మిగారైతే తలుపు తియ్యకముందే మెట్ల మీద కూర్చునేవారు.

అక్కడ అది చేసే పనులు ఇప్పటికీ నా కళ్లకి కట్టినట్టున్నాయి. ఎవరు మిషను ఎక్కబోయినా ముందు కొంగుతో తుడిచేది. మనిషి ఎక్కాక, వెనకున్నవాళ్లకి అంకె కనపడకుండా అడ్డంగా నిలబడేది. వంగి చూసి, ఆవిడ చెవిలో మాత్రమే చెప్పేది. అక్కడే తరుగు మొదలయ్యేది. "పట్టుచీర కట్టారండి, దానికి అరకిలో తీసేశాను. గాజులకి కాస్త. నిన్న పెళ్లికి వెళ్లారు కదండీ, ఆ భోజనం ఇంకా లోపలే ఉంటుంది, దానికో కిలో." ఆ మనిషి మొహం విప్పారేది. మొగుడితో గొడవపడి కళ్లు వాచి వచ్చినావిడకి ఇంకో కిలో తీసింది ఒకసారి. "మనసు బరువు మిషనుకి తెలీదండి, అదీ కలిపి చూపించేస్తుంది" అంది.

"ఇది మోసమే" అన్నాను ఒకరోజు, అందరూ వెళ్లాక. అది మిక్సీ కడుగుతోంది. "చేపకిచ్చే తరుగు మనిషికివ్వకపోతే ఎలాగే?" అంది. నాకు ఇంకా మండింది.

చెరువు గట్టు మీద ఇరవై ఏళ్లు మేత బస్తాలతోనూ కొంగలతోనూ మాట్లాడానని అదే చెప్పింది. ఈ గదిలో అందరూ దాన్ని "మేడమ్‌గారూ" అంటున్నారు. ఇంతమంది తన కోసం మెట్లెక్కి రావడం జన్మలో మొదటిసారనీ, ఈ గది పోతే తను మళ్లీ ఎవరికీ కనపడని మనిషైపోతాననీ అంది. మనిషన్నవాళ్లెవరైనా ఆ మాటకి కరగాలి. నేను మనసులో, "నిన్ను చూడ్డానికి వస్తున్నారా, పొడి తాగడానికా?" అనుకున్నాను.

పొడి సంగతి నేను తేల్చేశాను. లెక్కల టీచర్ని కదా. నెలరోజులు గదిలో దాని ఎదురుగా తాగాను, టిఫిను మానేశాను, రెండు కిలోలు తగ్గాను. రెండో నెల "ఇంట్లో తాగుతాను, స్కూలుకి టైమవుతోంది" అని డబ్బా తెచ్చుకుని, రోజూ ఒక చెంచాడు పొడి సింకులో పోసి, ఉత్త మజ్జిగ తాగి వెళ్లాను. ఆ నెలా సరిగ్గా రెండు కిలోలే తగ్గాను. బరువు తగ్గించే పొడి పనిచేస్తుందా అని ఇప్పటికీ స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అడుగుతారు. టిఫిను మానేస్తే పనిచేస్తుందండి. పొడి లేకపోయినా పనిచేస్తుంది.

ఇది దానితో చెప్పి ఊరుకుని ఉంటే స్నేహితురాలిననిపించుకుందును. నేను చెప్పలేదు. ఒక శుక్రవారం పొద్దున్న అందరూ చుట్టూ చేరి దానికి చప్పట్లు కొట్టారు, పుట్టినరోజని. సీతామహాలక్ష్మిగారు నా చెయ్యి పట్టుకుని, "ఇలాంటి మనిషి మీకు స్నేహితురాలవడం మీ అదృష్టమండీ" అన్నారు. నాకు అదృష్టమట. దానికి కాదు. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. మెట్లు దిగుతూ, ఎంతో ఆదరంగా, ఆవిడ చెవిలో ఒక మాట వేశాను. "పరగడుపున ఈ పొడి తాగితే కడుపులో మంట వస్తుందటండి. మందేదైనా ఏదన్నా తిన్నాకే కదండీ వేసుకుంటాం. రెండిడ్లీలు తిని రండి."

అంతే. మా వైపు ఆరోగ్యం గురించి ఒక మాట వదిలితే మళ్లీ రెండోసారి చెప్పక్కర్లేదు. వారం తిరక్కుండా పాతికమందీ ఇంట్లో టిఫిను తినొచ్చి, ఆపైన గ్లాసెడు తాగుతున్నారు. మందు తాగుతున్నాం కదా, మందుకి బలం కావాలి కదా అని కొందరు పెసరట్టు కూడా మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి అంకెలు పైకి పాకాయి.

దానికి అర్థం కాలేదు. నాలుగోవారం నేను వెళ్లేసరికి, మిషను ముందు వంగి ఒకావిడ చెవిలో, "వానాకాలం కదండీ, ఒంట్లో నీరు చేరుతుంది, మూడు కిలోలు తీసేశాను" అంటోంది. మూడు కిలోలు! చేపకి కూడా ఎవరూ అంత తరుగు తియ్యరు. నేను వెనక నిలబడి విన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. లోపల ఎక్కడో చల్లగా ఉంది నాకు, ఎందుకు దాచడం.

ఏలూరు మేడమ్ వచ్చింది ఆ తరవాత. గూడెం బ్రాంచిలో ఎవరూ తగ్గడం లేదని ఎవరో పైకి చెప్పారు. సొంత మిషను తెచ్చుకుంది, ఎర్ర అంకెలు వెలిగేది. దాన్ని గది మధ్యలో పెట్టి, ఒక్కొక్కర్నీ ఎక్కించి, అంకె గట్టిగా చదివింది. చీర లేదు, గాజుల్లేవు, మనసు లేదు. పెద్దవాళ్లు తలలు దించుకుని దిగుతున్నారు. సీతామహాలక్ష్మిగారు వచ్చిననాటికంటే రెండున్నర కిలోలు పెరిగారు.

"పొద్దున్న ఏం తిని వస్తున్నారు మీరు?" అంది ఏలూరు మేడమ్.

"రెండిడ్లీలేనండి. పరగడుపున తాగకూడదన్నారు కదండీ."

"ఎవరన్నారు?"

ఆవిడ అమాయకంగా నావైపు తిరిగారు. నోరు తెరిచారు. అంతలో అది ముందుకొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యివేసి, "నేనే చెప్పానండి మేడమ్" అంది.

ఏలూరు మేడమ్ అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. తెలీని వ్యాపారం నెత్తికెత్తుకోకూడదనీ, చేపలు అమ్ముకునేవాళ్లు చేపలే అమ్ముకోవాలనీ అంది. అది చేతులు కట్టుకుని, "అలాగేనండి, పొరపాటేనండి" అంటూ నిలబడింది. చివర్లో బ్యాడ్జీ తీసిచ్చెయ్యమంటే, పిన్ను చీరకి పట్టుకుని రాలేదు. చాలాసేపు తడుముకుంది. నేను వెళ్లి తియ్యొచ్చు, నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. పక్క ఊరి ఆవిడ తీసింది.

గది మూతపడింది. కూతురు హాస్టల్లో చేరిపోయింది, అది కొల్లేరు వెళ్లిపోయింది. నేను ఫోన్ చెయ్యలేదు. ఏం మొహం పెట్టుకుని చేస్తాను? అదే అప్పుడప్పుడూ చేసేది, వానల గురించీ కూతురి మార్కుల గురించీ మాట్లాడి పెట్టేసేది. ఆ ఇడ్లీల ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. కోపగించుకుని ఉంటే బావుండేది. తిరిగి రెండు మాటలని, నా బతుకు నేను బతుకుదును.

ఏడాదిన్నర తరవాత పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఏలూరు వెళ్లాను. మధ్యలో ఒక ఆదివారం సెలవొచ్చింది. ఏమనిపించిందో, బస్సెక్కి మండవల్లిలో దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్లాను. ఆ రోజు చెరువు పడుతున్నారు. గట్టు మీద కొబ్బరిమట్టల పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలో అది కూర్చుని ఉంది. మళ్లీ లావెక్కింది, హాస్టల్ రోజులంత లావు. మెడ పోయింది. నన్ను చూసి లేవబోయి, కుర్చీ కూడా వెనకాలే లేస్తే, పకపకా నవ్వింది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చిందని రాయడానికి సిగ్గేస్తోంది. రాస్తున్నాను.

నాకు పీట వేసి, ముంజెలు కొట్టించి పెట్టింది. ఎదురుగా బుట్టలు కాటా ఎక్కుతున్నాయి, నీళ్లు కారుతున్నాయి. కొనేవాళ్ల తాలూకు మనిషి బుట్టకి ఇంతని తరుగు చెబుతుంటే, అది కుర్చీలోంచే, "ఏవండీ, అది నీరు కాదండి, చేప చెమట. తగ్గించి తియ్యండి" అని అరుస్తోంది.

"ఎలా తగ్గావే అప్పుడు? నిజం చెప్పు" అన్నాను.

"గూడెం కొత్త కదా. అమ్మాయి పొద్దున్న వెళ్తే రాత్రికొచ్చేది. ఒక్కదాన్నే కంచం ముందు కూర్చోవాలంటే తినబుద్ధయ్యేది కాదు. అలా తగ్గిపోయాను. పొడి తరవాత వచ్చింది. అది చేతిలో ఉంటే నలుగురి గేట్లు తియ్యొచ్చు కదా అని తీసుకున్నాను. ముందు మీ గేటే తీశాను."

నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్న ఆ సన్నటి మెడ ఒంటరితనం వల్ల వచ్చిందట. ముంజె చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు చెప్పేశాను. "ఆ ఇడ్లీల మాట నేనే అన్నానే."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మంటలూ పరగడుపులూ నీ మాటలే. హాస్టల్లో నేను ఉపవాసం ఉంటానన్నప్పుడల్లా అనేదానివి." నా చేతిలో ముంజె తీసుకుని తనే ఒలిచి మళ్లీ ఇచ్చింది. "నాకప్పుడు చాలా కష్టమనిపించిందే. వారం రోజులు నీమీద ఏడ్చాను. తరవాత అనుకున్నాను, దీనికి మొదట్నుంచీ నేను కిలో తరుగు తీసే కదా చూస్తున్నాను, కుళ్లుకి. అది తీసేస్తే మిగతాది మంచిదే."

అంతే అంది. మళ్లీ కాటా వైపు తిరిగి ఆ మనిషితో పోట్లాట మొదలుపెట్టింది. నేను ముంజె తిన్నాను.

అంత మాట నాతో ఎవరూ అనలేదు. మావారు అనలేదు, మా అమ్మ అనలేదు. బస్సులో ఏలూరు దాకా దాన్నే తిప్పి తిప్పి అనుకున్నాను. నా కుళ్లు దానికి తెలుసు. తెలిసీ తూకంలోంచి తీసి పక్కన పెట్టింది, నా ఒక్కదాని కోసం. ఆ తరవాత రెండేళ్లూ దానికి నేనే ముందు ఫోన్ చేశాను, ప్రతి ఆదివారం. ఒకరోజు పొద్దున్న వాళ్లమ్మ గుండె ఆగిపోయిందని దాని కూతురు ఫోన్ చేసింది.

పెద్ద కార్యానికి గూడెం నుంచి వ్యాను మాట్లాడుకుని ఆడవాళ్లంతా వచ్చారు. ఆటోలో వచ్చే పక్క ఊరి ఆవిడ వచ్చింది. పొడి మానేసి మూడేళ్లు దాటినా, ఎవరూ సన్నబడకపోయినా, వచ్చారు. నేను పోతే వ్యాను నిండదు, ఆ లెక్క అక్కడే వేసుకున్నాను. భోజనాల దగ్గర సీతామహాలక్ష్మిగారు నా పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటూ, "నాకు వారం వారం ఫోన్ చేసేవారండి. ఒకసారి ఏమన్నారో తెలుసాండీ? మీ చాదస్తానికి కిలో తరుగు తీసేసి చూస్తానండి, మిగతాది బంగారమే అన్నారు" అన్నారు.

"అవునాండి" అన్నాను. ఆకులో మజ్జిగ పోయించుకున్నాను. నా ఒక్కదానికే అనుకున్న మాట అది. ఎదుటి వరసలో కూర్చున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ చూశాను. ఎవరెవరికి ఎంతెంత తీసిందో, ఎవరికి నాకంటే ఎక్కువ తీసిందో. చచ్చిపోయిన మనిషి మీద, దాని పెద్ద కార్యం నాడు, దాని ఇంట్లో భోంచేస్తూ నాకు కుళ్లొచ్చింది. దానికి కూడా తరుగు తియ్యడానికి అది లేదు.

అందుకే మార్కెట్‌లో ఆ రోజు కాళ్లు కదల్లేదు. ఉల్లిపాయల ఆయన నా మొహం చూసి, చాలలేదనుకున్నాడో ఏమో, "అందరికీ ఇంతే తీస్తున్నానండి" అన్నాడు. సంచీ పట్టుకుని అలాగే ఉన్నాను. ఆయన ఒక నిమిషం చూసి, గుట్టలోంచి ఇంకో పాయ ఏరి, పై పొర చేత్తో తుడిచి నా చేతికే ఇచ్చాడు. "ఇది మీకని వేశానండి" అన్నాడు.

ఆ ఒక్కదాన్నీ సంచీలో వెయ్యకుండా చేత్తో పట్టుకుని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక కూడా మిగతావాటిలో కలపలేదు.